నేలకు దిగే విద్య

వేసవి తొలి రోజుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో మిరప కల్లాలు ఎర్రని తివాచీల్లా పరచుకొని ఉంటాయి. మిట్టమధ్యాహ్నం, ఆకు కూడా కదలని వేళ, కల్లం మూల నుంచి ఒక సుడిగాలి లేస్తుంది. గిర్రున తిరుగుతూ దుమ్మును, ఎండుకాయలను, ఖాళీ గోనె సంచులను పైకి ఎత్తి, కొంత దూరంలో పడవేసి, వచ్చినంత వేగంగానే మాయమవుతుంది. రైతుకు ఇది కాసేపటి చికాకు మాత్రమే. పారాచ్యూట్ గొడుగు కింద నేలకు దిగుతున్న మనిషికి మాత్రం ఇది ప్రాణగండం. నల్లరేగడి నేల ఎండకు త్వరగా కాగుతుంది. దానిమీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి చుట్టుపక్కల గాలి సుడులు తిరుగుతూ వచ్చి చేరుతుంది. నేలకు వంద అడుగుల ఎత్తులో ఉన్న గొడుగు ఆ సుడిలో చిక్కుకొంటే దానిలోని గాలి బయటికి పోయి ముడుచుకుపోతుంది. మళ్లీ విచ్చుకోవడానికి తగినంత ఎత్తు అప్పటికి మిగిలి ఉండదు. అందువల్లనే ఎండ ముదరకముందు ఉదయాన, లేదా ఎండ చల్లారిన సాయంత్రాన కొత్తవారి చేత దుమికించడానికి శిక్షకులు ఇష్టపడతారు.

విమానం నుంచి దుమికి, కొంతసేపు గాలిలో స్వేచ్ఛగా పడుతూ వచ్చి, ఆపైన పారాచ్యూట్ విప్పుకొని నేలకు చేరడాన్ని స్కైడైవింగ్ అంటారు. చిత్రాల్లో చూసేవారికి ఇది తెగింపు గల యువకుల వినోదంగా తోస్తుంది. ఆ విద్య నేర్చినవారి మధ్య కొంతకాలం గడిపితే మరొక సంగతి తెలుస్తుంది. వారు తమ సమయంలో ఎక్కువ భాగం ఆకాశంలో కాక నేలమీదనే గడుపుతారు. తాళ్లు సరిచూడడం, గొడుగు మడవడం, గాలి వాటం గమనించడం, నిన్నటి దుముకులో జరిగిన తప్పును పదిమందిలో చర్చించడం, ఇవే వారి నిత్యకృత్యాలు. ఒక్క నిమిషం పతనానికి ఒక పూట సన్నాహం అవసరమవుతుంది.

పారాచ్యూట్ చరిత్ర విమానం కంటె పాతది. 1797 అక్టోబరు 22న ఫ్రాన్సు దేశీయుడు ఆంద్రే జాక్ గార్నెరిన్ పారిస్ నగరంలో బెలూన్‌తో పైకి వెళ్లి, దాదాపు మూడువేల అడుగుల ఎత్తున తాడు తెంపుకొని, పట్టుగుడ్డతో చేసిన గొడుగు కింద ఒక బుట్టలో దిగివచ్చాడు. ప్రాణానికి ముప్పు రాలేదు గాని, దారి పొడవునా ఆ బుట్ట గడియారపు లోలకంలా ఊగిపోయింది. గొడుగులో చిక్కుకొన్న గాలి బయటికి పోవడానికి తగిన దారి లేక ఒకసారి ఈ అంచు నుంచి, ఒకసారి ఆ అంచు నుంచి తప్పించుకోవడమే ఆ ఊపుకు కారణం. గొడుగు నడినెత్తిన చిన్న రంధ్రం ఉంచితే గాలి నిలకడగా బయటికి పోతుందని తరువాత గ్రహించారు. గుడ్డకు చిల్లు పెడితే గొడుగు స్థిరపడుతుందన్న సంగతి వినడానికి వింతగా ఉంటుంది. ఆనాటి నుంచి ఈ విద్య ఇలాగే సాగింది. ఒకరు అనుభవించిన ఇబ్బంది తరువాతివారికి నియమంగా మారుతూ వచ్చింది.

మన దేశంలో 1890లో రామచంద్ర ఛటర్జీ కలకత్తాలో బెలూన్ నుంచి పారాచ్యూట్‌తో దిగాడు. స్వాతంత్ర్యానంతరం ఈ విద్యకు ఆగ్రా నగరం కేంద్రమయింది. వైమానిక దళం నడిపే పారాట్రూపర్ల శిక్షణ పాఠశాల అక్కడే ఉంది. 1979లో అక్కడనే తొలిసారి దుమికిన రేచల్ థామస్ మన దేశపు తొలి మహిళా స్కైడైవర్‌గా పేరు పొంది, 2002లో ఉత్తర ధ్రువం మీద దుమికింది. 2005లో ఆమెకు పద్మశ్రీ లభించింది. వైమానిక దళంలో ‘ఆకాశ్ గంగ’ అనే ప్రదర్శన బృందం 1987లో ఏర్పడింది. పుణె యువతి శీతల్ మహాజన్ 2004లో ఉత్తర ధ్రువం మీద తన జీవితంలోని మొట్టమొదటి దుముకునే దుమికి దేశమంతటా ప్రశంసలందుకొంది. ఆమె సాహసం గొప్పది. అయినా అది ఘనకార్యాల జాబితాలో చేరవలసినదే గాని, శిక్షణకు నమూనాగా తీసుకోదగినది కాదు. విద్యార్థికి కావలసినది రేచల్ థామస్ నడిచిన దారి. ఒకటి తరువాత ఒకటిగా, కొన్ని వందల దుముకుల దారి అది.

మన మైదానాల మీద పారాచ్యూట్లు కనిపించడం అరుదు. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉన్నా అక్కడి పని వేరు. అయితే ఈ విద్యకు సంబంధించిన ఒక వాహనాన్ని ఈ ప్రాంత ప్రజలు దగ్గరగా చూశారు. కొరిశపాడు వద్ద పదహారవ నెంబరు జాతీయ రహదారిలో కొంత భాగాన్ని, అత్యవసర వేళ విమానాలు దిగడానికి వీలుగా రన్‌వేలా నిర్మించారు. 2022 డిసెంబరు 29న, మళ్లీ 2024 మార్చి 18న వైమానిక దళం అక్కడ విన్యాసాలు జరిపినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల ప్రజలు తరలివచ్చారు. అందరి కళ్లూ సుఖోయ్ యుద్ధ విమానాల మీదనే నిలిచాయి. వాటితో పాటు రెండు పంకాలతో, లావుపాటి పొట్టతో వచ్చిన ఏఎన్-32 రవాణా విమానాన్ని ఎక్కువమంది పట్టించుకొని ఉండరు. ఆగ్రాలో పారాచ్యూట్ విద్యార్థులు ఏళ్ల తరబడి దుముకుతూ వచ్చినది ఆ రకపు విమానం నుంచే.

జూనియర్ కళాశాలల్లో, డిగ్రీ కళాశాలల్లో ఎన్.సి.సి.లో ఉన్న విద్యార్థినీ విద్యార్థులలో కొందరు ఎంపికై ఆగ్రాలో పారా బేసిక్ కోర్సుకు వెళుతుంటారు. పత్తిచేలు, మిరపచేలు తప్ప ఎరగని పల్లె నుంచి వచ్చిన కేడెట్‌కైనా, మహానగరం నుంచి వచ్చినవారికైనా అక్కడ మొదటి పాఠం ఒక్కటే. అది దుమకడం గురించిన పాఠం కాదు. పడడం గురించినది.

గుండ్రని గొడుగు కింద దిగే మనిషి సుమారు అయిదడుగుల గోడ మీది నుంచి దూకినంత వేగంతో నేలను తాకుతాడు. ఆ మాత్రం ఎత్తు మనకు లెక్కలోనిది కాదనిపిస్తుంది. అయితే అతని వీపున, రొమ్మున బరువు ఉంటుంది. గాలి పక్కకు నెడుతుంటుంది. కాళ్లు బిగబట్టి నిలువునా దిగితే చీలమండ గాని, మోకాలు గాని, వెన్నుపూస గాని దెబ్బతింటుంది. అందుకని రెండు పాదాలు, రెండు మోకాళ్లు దగ్గరగా చేర్చి, మోకాళ్లను కొంచెం వంచి, నేల తగలగానే పక్కకు ఒరిగి దొర్లడం నేర్పుతారు. మొదట పాదాల ముందు భాగం, తరువాత పిక్క, తరువాత తొడ, పిరుదు, చివరికి వీపు పక్కభాగం వరుసగా నేలను తాకాలి. దెబ్బ ఒక్కచోట పడకుండా అయిదు చోట్ల పంపకమవుతుంది. చిన్న దిమ్మె మీది నుంచి మొదలుపెట్టి రోజంతా ఇదే సాధన. ఎడమకు, కుడికి, ముందుకు, వెనుకకు పడుతూనే ఉండాలి. మూడవ రోజుకు విసుగు పుడుతుంది. విసుగు పుట్టిన తరువాత కూడా చేయించడంలోనే శిక్షకుని నేర్పు ఉంది. ఆలోచించి చేసే పని కాక, ఆలోచించకుండానే శరీరం చేసే పనిగా అది మారాలి. నేల దగ్గరపడుతున్న క్షణంలో ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు.

రెండవ పాఠం లెక్కించడం. ప్రాథమిక శిక్షణలో గొడుగును విద్యార్థి స్వయంగా విప్పుకోడు. అతని పారాచ్యూట్ సంచికి కట్టిన స్టాటిక్ లైన్ అనే పట్టీ రెండవ కొన విమానంలోని ఉక్కుతీగకు తగిలించి ఉంటుంది. దుమకగానే ఆ పట్టీ బిగుసుకొని సంచిని తెరుస్తుంది. విద్యార్థి చేయవలసినదల్లా శరీరాన్ని దగ్గరగా ముడుచుకొని, గట్టిగా వేయి, రెండువేలు, మూడువేలు, నాలుగువేలు అని పలుకుతూ, తల ఎత్తి గొడుగును చూడడం. ఒకటి, రెండు, మూడు అని లెక్కిస్తే భయంలో వేగం పెరిగి నాలుగు అంకెలూ ఒక్క సెకనులో అయిపోతాయి. వేయి, రెండువేలు అనే పలుకు ఒక్కొక్కటి ఇంచుమించు ఒక సెకను తీసుకొంటుంది. నాలుగవ లెక్కకు పైన గొడుగు నిండుగా కనిపించకపోతే రొమ్మున ఉన్న రిజర్వు పారాచ్యూట్‌ను విప్పాలి. సుమారు 1,250 అడుగుల ఎత్తు నుంచి జరిగే ఈ దుముకు మొత్తం నిమిషానికి కొంచెం పైగా మాత్రమే ఉంటుంది. సైన్యంలో పారాట్రూపరు కాదలచినవారు ఇటువంటి దుముకులు అయిదు పూర్తిచేయాలి. వాటిలో ఒకటి రాత్రివేళ దుమకాలి.

క్రీడగా సాగే స్కైడైవింగ్‌లో పద్ధతి కొంత భిన్నం. కేవలం అనుభూతి కోసం వచ్చినవారిని అనుభవజ్ఞుడైన శిక్షకుడు తన రొమ్ముకు కట్టుకొని, ఇద్దరికీ చాలినంత పెద్ద గొడుగుతో దింపుతాడు. దీనిని ట్యాండెమ్ దుముకు అంటారు. హర్యానాలోని నార్నౌల్ వంటి చోట్ల, విదేశాలలో స్థిరపడిన మన తెలుగువారు వారాంతాల్లో చేసేది సాధారణంగా ఇదే. స్వయంగా నేర్చుకోదలచినవారికి 1980ల తొలినాళ్లలో అమెరికాలో ఒక విధానం రూపొందింది. అందులో విద్యార్థి తన పారాచ్యూట్ తానే ధరించి, పన్నెండు పదమూడువేల అడుగుల ఎత్తున దుముకుతాడు. ఇరువైపులా ఇద్దరు శిక్షకులు అతన్ని పట్టుకొని పడుతూ ఉంటారు. గాలి హోరులో మాట వినపడదు. కనుక చేతి సంజ్ఞలతోనే కాళ్లు చాపమనీ, నడుము వంచమనీ, మణికట్టున ఉన్న ఎత్తు చూపే మీటరును చూడమనీ చెబుతారు. మీటరు చూడడం మరచిన విద్యార్థి మిగిలినవన్నీ చక్కగా చేసినా ఆ మెట్టు దాటనివ్వరు.

ఎందుకంత పట్టుదల? ఒక చిన్న లెక్క చూద్దాం. పొట్ట నేలవైపు ఉంచి పడే మనిషి పది పన్నెండు సెకన్లలో గంటకు సుమారు 190 నుంచి 200 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంటాడు. ఆ తరువాత గాలి నిరోధం అతని బరువుతో సమానమై వేగం పెరగడం ఆగిపోతుంది. పన్నెండువేల అడుగుల నుంచి అయిదువేల అడుగులకు రావడానికి నలభై అయిదు సెకన్లకు మించి పట్టదు. అయిదువేల అడుగుల వద్ద విద్యార్థి గొడుగు విప్పాలి. అది సరిగా విచ్చుకోకపోతే సరిచేయడానికి ప్రయత్నించవచ్చు. అయితే ఆ ప్రయత్నానికి ఒక హద్దు ఉంది. 2,500 అడుగుల వద్ద ఇక ప్రయత్నం మాని, చెడిన గొడుగును విడిచి, రిజర్వును విప్పితీరాలి. గొడుగు అసలే తెరుచుకోని మనిషికి 2,500 అడుగులు అంటే పద్నాలుగు సెకన్లు. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అనుకొనేలోగా అవి గడిచిపోతాయి. ఈ విద్యలో మరణించినవారిలో పరికరం చెడి మరణించినవారు కొందరే. పని చేయగల రెండవ గొడుగు వీపున ఉండగానే, మొదటిదాన్ని బాగుచేయాలనే ఆశతో ఎత్తు కోల్పోయినవారు కూడా ఉన్నారు. అందుకే నిర్ణయం ఆకాశంలో తీసుకోకూడదు, నేలమీదనే తీసుకొని వెళ్లాలి అని శిక్షకులు చెబుతారు. విద్యార్థిని కప్పుకు వేలాడే పట్టీల్లో కూర్చోబెట్టి, చెడిన గొడుగుల చిత్రాలు ఒక్కొక్కటే తల మీద చూపుతూ అడుగుతారు.

“ఇది చూడు. ఏం చేస్తావు?”

“తాళ్లు మెలిపడ్డాయి సార్. పట్టీలు విడదీసి, కాళ్లు తన్నుతూ మెలిక విప్పుతాను.”

“ఎంతవరకు?”

“2,500 అడుగుల వరకే సార్.”

ఈ చివరి ప్రశ్నకు జవాబు తడుముకొన్నవాడు ఆ రోజు విమానం ఎక్కడు.

పరికరాల గురించి కూడా కొంత తెలుసుకోవాలి. నేటి క్రీడా పారాచ్యూట్ గుండ్రటి గొడుగు కాదు. గాలి నిండిన గదుల వరుసతో పరుపులా ఉండే దీర్ఘచతురస్రం. అది విమానపు రెక్కలా ముందుకు సాగుతుంది, కావలసిన వైపు తిరుగుతుంది. వీపుసంచిలో రెండు గొడుగులుంటాయి. ప్రధానమైనదాన్ని దుమికేవారే మడుచుకోవచ్చు. రిజర్వును మాత్రం ధ్రువపత్రం పొందిన రిగ్గరే మడవాలి. అమెరికాలో వాడినా వాడకపోయినా 180 రోజులకొకసారి దాన్ని విప్పి, పరీక్షించి, మళ్లీ మడిచి, సీలు వేసి, కార్డు మీద సంతకం చేయాలని నియమం. తన ముఖం కూడా తెలియని మనిషి ప్రాణానికి ఆ సంతకంతో రిగ్గరు పూచీ పడుతున్నాడు. చెడిన గొడుగును ఒక్క లాగుతో వదిలించుకొనే మూడు ఉంగరాల అమరికను బిల్ బూత్ అనే అమెరికా నిపుణుడు 1970లలో రూపొందించాడు. 1991లో జర్మనీ నుంచి సైప్రస్ అనే చిన్న యంత్రం వచ్చింది. సుమారు 750 అడుగుల ఎత్తున కూడా మనిషి పూర్తి వేగంతో పడుతున్నట్లు అది పసిగడితే, రిజర్వును బిగించిన తాడును తానే కోసి తెరుచుకొనేలా చేస్తుంది. స్పృహ తప్పినవారినీ, ఎత్తు మరచినవారినీ అది ఎందరినో కాపాడింది.

తనంతట తాను తెరుచుకొనే గొడుగు విలువను చెప్పడానికి మన ప్రాంతంతో దూరపు చుట్టరికం ఉన్న ఒక సంఘటన ఉంది. ఈ ప్రాంతంలో పుట్టిన బండ్ల శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో అంతరిక్షపు అంచుకు వెళ్లివచ్చింది. ఆ నౌకకు అక్క వంటి తొలి నౌక 2014 అక్టోబరు 31న అమెరికాలోని మొహావి ఎడారి మీద పరీక్షలో ముక్కలైపోయింది. సహ పైలట్ మరణించాడు. ఆకాశంలోకి విసిరివేయబడిన పైలట్‌కు మాత్రం పారాచ్యూట్ దానంతట అదే తెరుచుకొని ప్రాణం దక్కింది. ఒక మీటను తీయవలసిన సమయం కంటె ముందుగా తీయడం ఆ ప్రమాదానికి కారణమని దర్యాప్తులో తేలింది. దర్యాప్తు అధికారులు అక్కడితో ఆగలేదు. మనిషి ఎప్పుడో ఒకప్పుడు పొరబడతాడన్న సంగతిని ముందే ఊహించి, ఆ ఒక్క పొరపాటు నౌకను కూల్చకుండా అమర్చి ఉండవలసిందని నిర్మాతలను తప్పుపట్టారు.

ఒకటి చెడినా మరొకటి ఉండాలన్న సూత్రానికి ఇంకా దగ్గరి ఉదాహరణ కృష్ణకు ఆవలి ఒడ్డున ఉంది. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వ్యోమనౌకలో మరి అయిదుగురితో కలిసి ప్రయాణించాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ గుళికకు ఉన్న మూడు పారాచ్యూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. మిగిలిన రెండింటితో అది క్షేమంగా నేల చేరింది. ఒక్క గొడుగుతో కూడా ప్రాణాపాయం లేకుండా దిగేటట్లు దానిని నిర్మించారు. మన గగన్‌యాన్ గుళికకు కూడా మూడు ప్రధాన గొడుగులు అమర్చారు. దిగడానికి రెండు చాలు. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట తీరాన దాదాపు అయిదు టన్నుల నమూనా గుళికను హెలికాప్టరుతో మూడు కిలోమీటర్ల ఎత్తుకు తీసుకొనిపోయి జారవిడిచి ఈ గొడుగులను పరీక్షించారు. మనుషులు ఎక్కడానికి ముందు ఇనుపముద్దలు దిగి చూపించాలి.

పరికరాలు ఇంతగా మెరుగుపడితే ప్రమాదాలు పూర్తిగా తొలగిపోవాలి కదా! అలా జరగలేదు. పరికరం ఎంత భద్రమైతే మనిషి అంత ఎక్కువ తెగిస్తాడని, చివరికి లెక్క సరిసమానమవుతుందని మూడు ఉంగరాలను కనిపెట్టిన బిల్ బూతే చమత్కరించాడు. అందులో చేదు నిజం ఉంది. గొడుగులు నమ్మదగినవైన తరువాత చిన్నవి, వేగవంతమైనవి తయారయ్యాయి. నేలకు చేరువలో వాటిని గిరుక్కున తిప్పి, వేగంగా వాలడం కొందరికి సరదా అయింది. దానితో చక్కగా తెరుచుకొన్న గొడుగు కిందనే ఎముకలు విరగడం, ప్రాణాలు పోవడం మొదలయింది. అయినప్పటికీ మొత్తంమీద పరిస్థితి మెరుగైందనే చెప్పాలి. 1970లలో అమెరికాలో ఏటా సగటున నలభై మందికి పైగా ఈ క్రీడలో మరణించేవారు. 2023లో సుమారు 36 లక్షల 50 వేల దుముకులు జరగగా మరణాలు పది. ఈ తగ్గుదల యంత్రాల వల్ల ఎంత వచ్చిందో, అలవాట్ల వల్ల అంత వచ్చింది.

అలవాటు అన్న మాటను మన నేలమీదనే పరిశీలించవచ్చు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు రోజూ ఎక్కే చెట్టే అయినా, రోజూ వాడే మోకే అయినా, ఎక్కే ముందు దాన్ని చేత్తో తడిమి, లాగి చూస్తాడు. తండ్రి నేర్పిన అలవాటు అది. అదే ఊళ్లో పత్తికి, మిరపకు మందు కొట్టే మనిషి ముక్కుకు గుడ్డ అయినా కట్టుకోకుండా గాలికి ఎదురుగా నడుస్తూ కొడతాడు. అడిగితే ‘ఇరవయ్యేళ్లుగా కొడుతున్నాను, నాకేం కాలేదు’ అంటాడు. ఇద్దరిలో ఎవరికీ తెలివి తక్కువ లేదు. మోకు తెగితే ఫలితం ఆ క్షణంలోనే కనిపిస్తుంది. మందు చేసే హాని నెమ్మదిగా పేరుకొంటుంది. ఏమీ కాకపోవడాన్ని జాగ్రత్తకు రుజువుగా తీసుకోవడం మనిషి స్వభావం. స్కైడైవర్లను బాధించేది కూడా ఇదే జబ్బు. మొదటి పది దుముకుల్లో వణుకుతూ ప్రతి కట్టునూ మూడుసార్లు చూసుకొన్నవాడు, రెండు వందల దుముకుల తరువాత కబుర్లాడుతూ విమానం ఎక్కుతాడు. కొత్తవాని భయం అతన్ని కాపాడుతుంది. పాతవాని అనుభవం ముదిరిన తరువాత మళ్లీ కాపాడుతుంది. నడుమనున్న కాలమే గండం.

దీనికి ఆ సమాజం కనుగొన్న మందు, ఒకరి కట్లను మరొకరు చూడడం. ధరించకముందు ఒకసారి, విమానం ఎక్కేముందు ఒకసారి, దుమికేముందు ఒకసారి పరికరాలను పరీక్షిస్తారు. వెనుక భాగాన్ని ఎవరూ స్వయంగా చూసుకోలేరు కనుక పక్కవారు చూస్తారు. వేయి దుముకులు దుమికిన పెద్దవాని కాలిపట్టీ వదులుగా ఉందని నిన్ననే చేరిన విద్యార్థిని చెప్పవచ్చు, చెప్పాలి. పెద్దవాడు దానికి చిన్నబుచ్చుకోకూడదు. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని నేర్చి పెరిగిన మన పిల్లలకు ఈ మర్యాద మొదట కష్టంగానే ఉంటుంది. “అన్నా, మీ పట్టీ ఒకసారి చూసుకోండి” అనడానికి నోరు పెగలడం కూడా శిక్షణలో భాగమే.

ప్రమాదాన్ని దాచకపోవడం మరొక ఆచారం. అమెరికా పారాచ్యూట్ సంఘం తన పత్రికలో ప్రమాదాల వివరాలను పేర్లు లేకుండా ప్రచురిస్తుంది. ఎవరిది తప్పు అన్నదాని కంటె ఏ మెట్టు వద్ద తప్పిందన్నది అందులో ప్రధానం. ఏటా వసంతకాలం మొదట్లో అక్కడి కేంద్రాల్లో ‘భద్రతా దినం’ జరుపుతారు. చలికాలమంతా ఖాళీగా ఉన్నవారు ఆ రోజున మళ్లీ పట్టీల్లో వేలాడి, విద్యార్థుల వలెనే అత్యవసర పాఠాలను వల్లెవేస్తారు.

ఆర్.కె. బీచ్‌లో జరిగిన సంఘటనను ఈ దృష్టితోనే చూడాలి. 2025 జనవరి 2న విశాఖపట్నంలో నౌకాదళ విన్యాసాలకు రిహార్సల్ జరుగుతున్నప్పుడు ఇద్దరు కమాండోల గొడుగులు ఆకాశంలో ఒకదానితో ఒకటి చిక్కుపడ్డాయి. వారిద్దరూ గిరగిర తిరుగుతూ వేలాదిమంది చూస్తుండగా సముద్రంలో పడ్డారు. సిద్ధంగా ఉన్న పడవ వెంటనే వారిని చేరుకొన్నది. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. ఒడ్డున చూసినవారు అదృష్టమన్నారు. కాని ఆ పడవ అక్కడ అదృష్టవశాత్తు లేదు. తీరంలో దుముకులున్నప్పుడు నీటిలో పడవ ఉండాలన్న నియమం వల్ల ఉంది. అన్ని వేళలా కథ ఇలా ముగియదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన నౌకాదళ కమాండో ఒకరు 2023 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లో జరిగిన శిక్షణలో మరణించారు. 2025 ఏప్రిల్‌లో ఆగ్రాలో ఆకాశ్ గంగ బృందపు శిక్షకుడొకరు మరణించారు. వారు కొత్తవారు కారు.

దుమకకుండా ఆగడం కూడా నేర్చుకోవలసిన విద్యే. అమెరికా సంఘపు నియమాల ప్రకారం నేలమీది గాలి గంటకు సుమారు 22 కిలోమీటర్లు దాటితే విద్యార్థిని దుమకనివ్వరు. డబ్బు కట్టి, సెలవు పెట్టి, దూరం నుంచి వచ్చినవారు రోజంతా గాలి తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చొని, సాయంత్రం ఊరికే తిరిగి వెళ్లిన సందర్భాలు ప్రతి కేంద్రంలోనూ ఉంటాయి. ఆ సాయంత్రాల్లోనే పరిచయాలు పెరుగుతాయి. పైలట్, రిగ్గరు, మడత పనివారు, కొత్త విద్యార్థి ఒకే బల్ల చుట్టూ చేరి పాత కథలు చెప్పుకొంటారు. మొదటిసారి ఒంటరిగా దుమికినవారు అందరికీ విందు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

ఇక దిగవలసిన నేల సంగతి. మూడువేల అడుగుల పైనుంచి మన పత్తి, మిరప మైదానాన్ని చూస్తే అంతా చదునే, ఎక్కడైనా దిగవచ్చుననిపిస్తుంది. శిక్షణ పొందిన కన్ను వేరుగా చూస్తుంది. బోరు మోటార్లకు పోయే కరెంటు తీగలు పైనుంచి కనిపించవు. వరుసగా నిలిచిన స్తంభాల నీడలను బట్టి వాటిని ఊహించాలి. సాగర్ కాలువ వెండిగీతలా అందంగా మెరుస్తుంది. పారాచ్యూట్ తాళ్లతో పారే నీటిలో పడిన మనిషికి ఈత వచ్చినా ఉపయోగం తక్కువ. ప్రకాశం జిల్లాలో పొలాల నడుమ పొగాకు బ్యారన్లు నిలిచి ఉంటాయి. వాటికి గాలి వాలు వైపున గాలి సుడులు తిరుగుతుంది. పల్లపు మాగాణి మెత్తగా కనిపించినా అందులో గట్లు ఉంటాయి. అనుకొన్న చోటు అందదని తోచినప్పుడు రెండువేల అడుగుల ఎత్తులోనే మరొక చోటు ఎంచుకోవాలి. బీడు భూమి దొరికితే మేలు. పంటచేలో దిగక తప్పకపోతే గొడుగును ఈడ్చకుండా చుట్టచుట్టుకొని, గట్టు వెంట నడిచి బయటికి రావాలి. పగిలిన పత్తికాయల మీద గాని, ఆరబోసిన మిరప మీద గాని నడవరాదు. రైతు కనిపిస్తే క్షమాపణ చెప్పి, నష్టం కలిగితే చెల్లించాలి. చుట్టుపక్కల రైతులతో తగవు తెచ్చుకొన్న కేంద్రం ఎక్కువకాలం నిలవదని ఆ రంగంలోని పెద్దలకు బాగా తెలుసు.

ఆగ్రాలో చివరి దుముకు పూర్తయిన రోజున కేడెట్ల రొమ్మున రెక్కల బ్యాడ్జి పెడతారు. ఫొటోలు తీసుకొంటారు, ఇంటికి ఫోన్లు చేస్తారు. ఆ సమయంలో వారు వాడిన గొడుగులు మడత గదికి చేరుతాయి. అక్కడ వాటిని దుమ్ము దులిపి, వేలాడదీసి, అతుకు అతుకూ వెలుతురుకు పట్టి చూసి, తాళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, పొడవాటి బల్లల మీద పరచి, తరువాతి జట్టు కోసం మడవడం మొదలుపెడతారు.